బండి ఱ

మొదటిసారి ఆగినప్పుడు నేరం కరెంటు మీదికి నెట్టేసేను.
పర్లాకిమిడిలో వేసవి. ఎదురు సందులో రైసుమిల్లు.
మిల్లు అందుకోగానే మా ట్యూబులైటు కన్ను కొడుతుంది;
కంప్యూటరుకి మాత్రం కళ్ళు తిరగవా ఏం?

రెండోసారి మిల్లుకి సెలవు.
తెర మీద గడియారం పదకొండూ నలభైరెండు దగ్గర నిలబడిపోయింది.
బాణం గుర్తు పెళ్ళికూతురి పేరు మీద వాలి
విసిరినా లేవని ఈగైంది.
పెట్టె ముందున్న ఎర్రదీపం ఆరదు, మిణకదు.
లోపలెవరో గోటితో పలక మీద
టిక్.
టిక్.
నాలుగు నిమిషాల తర్వాత, ఏమీ జరగనట్టు,
నేనెప్పుడో కొట్టిన అక్షరాలన్నీ ఒక్కసారే వొచ్చి పడ్డాయి.

ఎప్పుడూ ఆగేదైతే పారేద్దును.
అసలాగనిదైతే దాని ఊసే ఎత్తను.
ఇది అప్పుడప్పుడు ఆగేది.

మూత విప్పేను. వేలెడు దుమ్ము, ఒక బల్లిగుడ్డు పెంకు.
మెమరీ కర్రలు ఊడదీసి, వాటి బంగారు పళ్ళని
మా తమ్ముడి కూతురి రబ్బరుతో రుద్దేను.
ఎర్ర కేబులు మార్చేను.
పవరు డబ్బా మార్చేను, పదకొండొందలు.
ఆగింది.
బరంపురం నించి మెకానిక్కు సుశాంత పాఢి వొచ్చి
పెట్టెకి చెవి ఆనించి
"హార్డుడిస్కు గలా, నూఆ కిణంతు దీదీ" అన్నాడు.
ఏది పోయింది, ఎంతమేర పోయింది అంటే
రెండు భాషల్లోనూ చెప్పలేదు.

అప్పుడు మిగిలిపోయిన కార్డుల వెనక రాయడం మొదలెట్టేను,
ఏ రోజు, ఎన్నింటికి, ఏ పని మీద అని.
బుధవారం ఒడియా గృహప్రవేశం, బానే ఉంది.
గురువారం తెలుగు రసీదు పుస్తకం, బానే ఉంది.
శుక్రవారం దినం కార్డు. ఆగింది.
శనివారం మూడు తెలుగు పెళ్ళిళ్ళు,
రెండు ఆగేయి, ఒకటి గంతులేసుకుంటూ పోయింది.
అన్నీ బల్ల మీద పేకముక్కల్లా పరిచి చూస్తే
ఆగినవాటిలో, వియ్యాలవారి వైపో మేనమామల వైపో,
ఎక్కడో ఒక మూల
కొఱ్ఱాయి వారు.

ఈ కుర్చీ నాకు అప్పజెప్పిన రోజు
గంటా కూర్మయ్య గారన్నారు:
"ఫాంటులో బండి ఱ కింద వొత్తు లేదమ్మా.
నేనే గీసేను మౌసుతో, ఒక వర్షాకాలమంతా."
ఆ ఒక్క అక్షరానికీ ఒక ఫైలు.
చదవడానికి వెళ్ళిన సూది అక్కడే గోకుతోంది.
పళ్ళెంలో అంతమేరా పుండు.

ఆ రాత్రి కొత్త డిస్కులోకి ఎక్కించేను.
ఇరవయ్యేళ్ళ పెళ్ళిళ్ళు. తర్వాత విడిపోయినవాళ్ళ కార్డులు కూడా
చెక్కు చెదరకుండా వొచ్చేయి.
ఒకటి మాత్రం రాలేదు.
మళ్ళీ ప్రయత్నించాలా, వదిలేయాలా అని అడిగింది.
మళ్ళీ నొక్కేను. మళ్ళీ. మళ్ళీ.
మహేంద్రతనయ అవతల
పాతపట్నం బస్సు తొలి హారను కొట్టింది.
వదిలేసేను.

సోమవారం కొఱ్ఱాయి లోకనాథం గారొచ్చేరు.
మనవరాలి లగ్నం, రెండొందల కార్డులు.
మామూలు ర పెడతానంటే
"అది మా ఇంటిపేరు కాదమ్మా,
మా పక్కింటాయనది" అన్నారు.

అంచేత ఆ రెండు బళ్ళకీ జాగా వదిలి అచ్చేసేను.
ఇప్పుడు నల్ల పెన్ను పట్టుక్కూచున్నాను.
చక్రం, చక్రం, కింద ఇంకో బండి.
పక్కన కొత్త పెట్టె ఊపిరి కూడా వినపడదు.
నలభయ్యో కార్డు దగ్గర చెయ్యి ఆగిపోయింది.
విదిలించలేదు. తిట్టలేదు. చూస్తూ కూచున్నాను.

కాస్సేపటికి
దానంతటదే కదిలింది.